వేలెట్టి చూపించు

మా వదిన పోయిందని సోమవారం పొద్దున్న ఫోనొచ్చింది. చేసినవాడు వాళ్ల పక్కింటాయన. "ప్రశాంతంగా వెళ్లిపోయారండీ, నిద్రలోనే" అన్నాడు. చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటూనే అడిగాను, "మీరు చూశారా?" అని. "లేదండీ, అందరూ అంటున్నారు" అన్నాడు. ఆస్పత్రికి వెళ్లి అన్నయ్యని అడిగాను. "టీ తాగుదామని కిందికెళ్లాను. పైకొచ్చేసరికి అయిపోయింది" అన్నాడు. కాబట్టి పాఠకులకు నేను చెప్పగలిగింది ఇంతే. మా వదిన పోయింది. ప్రశాంతంగా పోయిందో లేదో చూసినవాళ్లెవరూ లేరు.

ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ పట్టుదల ఆవిడదే. నిన్న తెలుగు సంఘంవాళ్లు సంస్మరణ సభ పెట్టారు. అక్కడ విన్న మాటలు ఇంకా చెవిలో రొద పెడుతున్నాయి. కూర్చుంటున్నాను, లేస్తున్నాను, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి మళ్లీ కూర్చుంటున్నాను. ఇది రాసేస్తే గాని కుదురు దొరికేలా లేదు.

వదిన భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున పుట్టింది. పెళ్లయ్యాక ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న భిలాయి వచ్చి, ఇక్కడి ప్రైమరీ స్కూల్లో హిందీలో లెక్కలు చెప్పేది. ఆదివారాలు మాత్రం తెలుగు సంఘం హాల్లో మన పిల్లలకు తెలుగు చదవడం నేర్పేది. కొత్త రాష్ట్రం వచ్చిన రోజులవి. దుకాణాల బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్న మాట చెరిపి ఛత్తీస్‌గఢ్ అని రాయించుకుంటున్నారు. మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, గుమ్మం దాటితే హిందీ. అయినా అక్షరాలు పట్టుబడగానే గడగడా చదివేసేవారు. తల్లిదండ్రులు మురిసిపోయేవారు. వదిన మురిసేది కాదు.

"బాగా చదివినావమ్మా. ఏటి చదివినావు?"

పిల్ల నోరు తెరిచి చూసేది.

మొదట్లో ఆవిడ కూడా అందరిలాగే కాకి కథలు, నక్క కథలు ఇచ్చింది. పిల్లలు పేజీ చూడకుండానే జవాబులు చెప్పేశారు. అమ్మమ్మల దగ్గర విన్నవే కదా. ఒకరోజు సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అంది: "మరిదీ, తెలిసిన కథ ఇస్తే ఆళ్లు చదవరు, గుర్తు తెచ్చుకుంటారు. ఆళ్లకి బొత్తిగా తెలీనిది కావాలి. నీ లావుపాటి పుస్తకాల్లో సముద్రం ఉందేటి?"

ఆ ప్రశ్నలో ఆవిడ తెలివంతా ఉంది. భిలాయి పిల్లలకు ఇనుము తెలుసు, రైలు తెలుసు, సైరన్ తెలుసు. సముద్రం మాత్రం వాళ్లలో ఒక్కరూ చూడలేదు. సముద్రపు జీవుల గురించి ఊహించి చెబితే తప్పు పడుతుంది. జవాబు కావాలంటే కాగితంలోకి తిరిగి వెళ్లాల్సిందే.

నా దగ్గర ఇంగ్లిషు విజ్ఞాన సర్వస్వం ఉండేది. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, ఆవిడ రాసుకునేది. ఇక్కడ నాకూ ఆవిడకూ పడేది కాదు. "అగాధమైన సముద్రగర్భంలో ఒంటరిగా సంచరించే ఆక్టోపస్..." అని నేను మొదలుపెడితే కలం ఆపేసేది.

"అగాధం ఎక్కడుంది? వేలెట్టి చూపించు."

"అది శైలి, వదినా."

"శైలి నీ దగ్గరుంచుకో. గుండెలెన్ని? అది చెప్పు."

మూడు. రెండు మొప్పలకు, ఒకటి ఒంటికి. ఈదుతున్నంతసేపూ ఆ ఒంటికున్న గుండె ఆగిపోతుంది. అందుకే ఆక్టోపస్ ఈదడం కంటే పాకడానికే ఇష్టపడుతుంది. ఇంతే రాసింది. జీవితమంతా చదువుతూ గడిపిన నన్ను ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది. "నువ్వు చదివింది చెప్తావు, మంచిదే. అందులో లేనిది కూడా కలిపీస్తావు. అదే నీతో చిక్కు." ఈ మాటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఆవిడ తరగతిలో మాట్లాడకుండా చదవాలి. ముందు కళ్లు, తరవాత నోరు. పెదాలు కదిపితే సుద్దముక్కతో బల్ల మీద టక్కున కొట్టేది. చదివాక ప్రశ్నలు. జవాబు చెప్పినవాళ్లు అది ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించాలి. ప్రశ్నల్లో ఒకటి మాత్రం దొంగ ప్రశ్న. దాని జవాబు కాగితంలో ఉండదు. దానికి "ఇందులో లేదు" అని చెప్పిన పిల్లకు ఎర్రసిరాతో చేప బొమ్మ. ఆ చేప కోసం పిల్లలు కొట్టుకునేవారు. ఏ ప్రశ్న దొంగదో తెలియాలంటే మొత్తం చదవక తప్పదు మరి.

సముద్రగుర్రం పాఠం రోజు మంచి తమాషా జరిగింది. పిల్లల్ని పొట్టసంచిలో మోసేది మగది అని స్పష్టంగా రాసి ఉంది. "పిల్లల్ని ఎవరు మోస్తారు?" అంటే తరగతి మొత్తం "అమ్మ" అని అరిచింది. పింకీ అనే పిల్ల ఒక్కతే కాగితం మీద వేలు పెట్టి, "పాపా మోస్తాడు మేడమ్" అంది. పాపా అంటే ఇక్కడి పిల్లల మాటలో నాన్న. ఆ తరవాతి ఆదివారం ఒక తండ్రి నైట్‌షిఫ్టు దిగి నేరుగా హాలుకొచ్చాడు.

"ఏటి మేడమ్, మగోడు కడుపుతో ఉండడమేటి? పిల్లలకి నేర్పీది ఇదేనా?"

"మీరు చదివినారా బాబూ?"

"మా వోడు చెప్పినాడు."

"ఇదిగో, చదవండి. మీ అబ్బాయి తప్పు చెప్పుంటే దిద్దుదాం."

ఆయన చదివాడు. వేలితో వరస వరస వెంటా వెళ్లాడు. తలగోక్కుని, "దాని బతుకు మా షిఫ్టుల కంటే కష్టమే" అని నవ్వి, అక్కడే బల్ల మీద కునుకు తీశాడు.

అందరూ ఆయనలా లేరు. "దీనికి మార్కులొస్తాయా?" అని అడిగినవాళ్లున్నారు. "ఫాల్తూ, పద్యాలు నేర్పక పీతలేంటి" అని వెనక గొణిగినవాళ్లున్నారు. వీళ్లందరికీ పెద్ద మా సంఘం అధ్యక్షుడు. ఆయన పేరు రాయను, ఆయనకు ఆ తృప్తి ఇవ్వను. పిల్లలు వేదిక మీద పద్యం కంఠస్థం చెబితే, అర్థం తెలిసినా తెలియకపోయినా, ఆయన కళ్లు చెమర్చేవి. సముద్ర నక్షత్రానికి మెదడు లేదని చదివిన రోజున నేను ఆయన్ని తలుచుకుని ఒక మాటన్నాను. వదిన నవ్వాపుకుని, "అది ఇందులో లేదు మరిదీ" అంది.

వార్షికోత్సవానికి ముందు అధ్యక్షుడు ఒక షరతు పెట్టాడు. వచ్చే అతిథి ముందు వదిన దగ్గర చదివే పిల్లలు తమ తెలుగు నిరూపించుకోవాలి. ఆ అతిథి మెచ్చితే తరగతికి హాలు ఉంటుంది. లేకపోతే ఆదివారాలు హాలు పెళ్లిచూపులకీ పుట్టినరోజులకీ అద్దెకిస్తారు. వదిన సరేనంది. పిల్లలకు మాత్రం కొత్తగా ఏమీ నేర్పలేదు. "ఒక పద్యం పెట్టు వదినా, పోయేదేముంది" అని నేనే బతిమాలాను. వినలేదు.

సభలో పింకీ ఆక్టోపస్ పాఠం పైకి చదివింది. అతిథి పెద్దమనిషే, సరదా మనిషి. మైకు ముందుకు వంగి, "మూడు గుండెలున్నాయంటే దానికి ప్రేమ కూడా మూడింతలుంటుంది, అవునా తల్లీ?" అని అడిగాడు. హాలంతా నవ్వుకి సిద్ధమైంది. అవునండీ అంటే చప్పట్లు, అంతటితో గండం గడిచేది.

పింకీ అవుననలేదు. కాగితం మొదటినుంచీ మళ్లీ చదవడం మొదలుపెట్టింది, నోరు కదపకుండా. మైకు కీచుమంది. వెనకనుంచి ఎవరో "జల్దీ చెప్పమ్మా" అన్నారు. అధ్యక్షుడు కుర్చీ అంచుకొచ్చాడు. పింకీ చివరి వరస దాకా వెళ్లి తలెత్తింది.

"ఇందులో లేదండి."

"పోనీ ఊహించి చెప్పు."

"ఊహించి చెప్తానండి. కానీ ఇందులో లేదు."

అతిథి నవ్వాడు గాని ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వదిన వైపు చూశాను. పరీక్ష పాసైన పిల్లలా వెలిగిపోతోంది. అధ్యక్షుడి మొహం చూశాక ఇక నాకు వేరే ఫలితం అక్కర్లేకపోయింది.

ఆ తరవాతి ఆదివారం హాలుకి కొత్త తాళం. చౌకీదారు దిక్కులు చూస్తూ, "సాబ్ బోలే, మరమ్మత్ హై" అని అధ్యక్షుడి మాట చెప్పాడు. కిటికీలోంచి చూస్తే లోపల తట్టా లేదు, సిమెంటూ లేదు. నేను అధ్యక్షుడి ఇంటిమీదికి వెళ్తానని గొంతు పెంచాను. వదిన పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టింది.

"తలుపు మీద ఏటి రాసుంది?"

"ఏమీ లేదు మేడమ్, తాలా ఉంది."

"మరమ్మత్తని ఉందా?"

"చౌకీదార్ అన్నాడు. తలుపు మీద లేదు."

"అంతే. చూసింది చూసినట్టు గుర్తెట్టుకోండి. ఇక సంచులు తీయండి."

ఆ తరవాత తరగతి అన్నయ్య ఫ్యాక్టరీ క్వార్టరు వరండాకి మారింది. అన్నయ్య రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సొచ్చింది. సామాను కడుతూ కూడా ఆవిడ పాఠం మానలేదు. ఖాళీ గుల్లలో కాపురముండే పీత పాఠం చెప్పింది. అది ఎదిగేకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. వాళ్లేమో పెద్ద ఇంటినుంచి ఊరి అంచున రిసాలిలో రెండు గదులకి వెళ్తున్నారు. "పీతకీ నాకూ తేడా ఏటో రాయండి" అని ప్రశ్న ఇచ్చింది. రిసాలి చాలామందికి దూరమైంది. పిల్లలు తగ్గిపోయారు. పింకీ ఇల్లు అక్కడే కాబట్టి వస్తూనే ఉంది. చివరి ఆదివారం దాకా తరగతి ఆగలేదు. సంఘంవాళ్లు మాత్రం ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. ఇది నేను చూసింది, కలిపింది కాదు.

నిన్నటి సభ అదే హాల్లో. వదిన ఫొటోకి నా మెడంత లావు దండ. అధ్యక్షుడు తానే రాసిన సంతాప తీర్మానాన్ని పింకీ చేతికిచ్చాడు. "టీచరుగారి శిష్యురాలు చదివితే బాగుంటుంది" అన్నాడు. పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. మైకు ముందు నిలబడి మౌనంగా చదువుకుంది. మైకు కీచుమంది. ఈ నిశ్శబ్దం నాకు ముందే తెలుసు. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను.

తరవాత పైకి చదివింది. చక్కగా, ఎక్కడా తడబడకుండా. సముద్రమంత మనసున్న మహోపాధ్యాయిని అట. సంఘం ఆవిడకు చివరిదాకా నీడగా నిలిచిందట. ఈ హాలు ఆవిడ సేవకు సాక్ష్యమట. చదవడం పూర్తయింది. జనం లేవబోయారు. పింకీ కదల్లేదు.

"తాళం వేసిన సంగతి ఇందులో లేదండి" అంది.

"ఏంటమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"హాలుకి తాళం వేశారు కదండి. మేం మెట్ల మీద చదువుకున్నాం. అది ఇందులో లేదు."

ఆ గొంతులో కోపం లేదు. నాకున్న కోపంలో వీసం కూడా లేదు. ఆదివారం తరగతిలో జవాబు చెప్పినట్టే చెప్పింది. అధ్యక్షుడు చేయి చాపి కాగితం తీసుకోబోతూ, గొంతు తగ్గించి, "ఎక్కడ లేదమ్మా, ఏది లేదు?" అన్నాడు.

పింకీ కాగితాన్ని ఆయన వైపు తిప్పింది. చివరి వాక్యం కింద, సంతకాల పైన, కాస్త ఖాళీ ఉంది. ఆ తెల్లటి చోట వేలు పెట్టి, తీయకుండా, అలాగే పట్టుకుని నిలబడింది.