జనరేటర్ తాతయ్య ఇచ్చిన సలహా

అడ్డమైనవాళ్ల కథలన్నీ అడుగుతారు గానీ, మీ జనరేటర్ తాతయ్య సంగతి ఒక్కరైనా అడిగార్రా? జనరేటర్లు బాగుచేయడమే ఆయన పని. ఆయన చెల్లెలు కొండ పక్కన జాగా కొని, టెంట్లు వేసుకునేవాళ్లకి అద్దెకిద్దామనుకుంది. కరెంటు లైను లాగించాలా, జనరేటర్ కొనాలా అని అన్నగారినే అడిగింది. ఎనిమిది స్తంభాలు వేస్తే లైను వచ్చేస్తుందని ఆయనకి తెలుసు. కానీ లైనే వస్తే ఇక తనతో పనేముంటుంది?

"జనరేటరే నయమే పిచ్చిదానా! కరెంటు ఎప్పుడు పోతుందో ఎవడికి తెలుసు?" అనేశాడు.

మూడేళ్లు రోజూ జనరేటర్ స్టార్ట్ చేసే తాడు లాగి లాగి ఆవిడకి భుజం పట్టేసింది. చప్పుడుకి విసుక్కున్నవాళ్లతో, "మా అన్నయ్య చెప్పాడండీ, ఆయనకి తెలియనిదా!" అనేది. అది విన్నప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఆవిడ చెయ్యి లేవక, జడ వేసుకోలేక దువ్వెన విసిరేయడం చూశాడు. ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాడు.

"సిగ్గులేదూ నీకు? స్తంభాలు పడేదాకా నువ్వే వచ్చి లాగు" అంది ఆవిడ.

స్తంభాలు పడి లైను వచ్చేదాకా, ఏడాది పాటు రోజూ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వెళ్లి లాగాడు. ఒక్కరోజు కూడా చెల్లెలి మొహంలోకి చూడలేకపోయాడు. డెబ్బై రెండో ఏట పోయాడు.