చెరగని పుస్తకంలో పెద్దమ్మ ఓటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలిసింది లోకానికి తెలియకపోవడం వల్లే లోకం ఇలా తగలడిందని గట్టిగా నమ్మేదాన్ని. గేమ్ థియరీ, బ్లాక్‌చెయిన్ అప్పుడే చదివాను, అవి తలకెక్కి ఇంకా దిగలేదు. సిరిసిల్లలో మా పెద్దమ్మ వాళ్ల వాడ బట్టను ఒక పెద్ద వ్యాపారి చూస్తానన్నాడు. లోపాల్లేవని నమ్మకం కుదిరితే ఏడాదంతా పని, లేదంటే సగం సాంచాలు (మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు) ఆగిపోతాయి. ఆ నమ్మకం నేను కుదురుస్తానని మా కంపెనీ తరఫున ఎగిరి దూకాను.

ఒక్కో బట్ట తానును వాడలో ముగ్గురు చూసి, ఎవరికి వారు ఫోన్‌లో 'మంచిది' అనో 'లోపం' అనో నొక్కాలి. మిగతావారితో మాట కలిస్తే పాయింట్లు, కలవకపోతే కోత. ఒకసారి నొక్కితే అది నేసినవారి పేరుతో సహా బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కుతుంది, ఇక బ్రహ్మ దిగొచ్చినా చెరపలేడు. "అబద్ధమాడితే నష్టం, కాబట్టి అందరూ నిజమే చెప్తారు, గేమ్ థియరీ అంటే ఇదే" అని గోడమీద బొమ్మలు గీసి మరీ వివరించాను. అందరూ బుద్ధిగా తలూపారు. (తలూపడం ఒప్పుకోవడం కాదని అప్పటికి నాకు తెలియదు.)

వారం తిరిగేసరికి అన్ని తానులూ 'మంచివే'. ఒక్క లోపమూ లేదు! అందరూ కుమ్మక్కయ్యారనుకున్నాను. మర్నాడు వ్యాపారి వచ్చి తానుల మీద తానులు విప్పించాడు. ఎంత వెతికినా తెగిన పోగు ఒక్కటి దొరకలేదు. అక్కడికక్కడే ఏడాది పని ఇస్తానని ఒప్పుకున్నాడు.

ఒక్క లోపమూ లేకపోవడం ఎలా కుదిరిందని పెద్దమ్మను వంటింట్లోకి లాగి అడిగాను. ఆమె నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"లోపాల్లేవని ఎవలన్నరు? మస్తుగున్నయ్. ఎవలింట్ల బట్టకు లోపముంటే గా ఇంటికి పోయి సప్పుడు జేయకుంట చెప్పినం. సూది వట్టి సక్కజేసిండ్రు. గప్పుడు మంచిదని నొక్కినం."

"మరి లోపం అని ఎందుకు నొక్కలేదు?"

"రాస్తే మల్ల చెరగదని నువ్వే అంటివి గద బిడ్డా! పోగు తెగితే అతుకుతం. మనిషి పేరు వోతే ఎట్ల అతుకుతం?"

బయట వాడంతా సంబరంగా ఉంది. పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాటి, "అంత మా బిడ్డ తెలివే" అని అందరికీ వినబడేలా చెప్పింది. నేను సిగ్గు లేకుండా నవ్వుతూ నిలబడ్డాను. ఆఫీసుకు పంపిన నివేదికలోనూ నా సూత్రాలే రాశాను. ఆ రోజు నా పద్ధతిలోని లోపాన్ని కూడా ఆమె నలుగురిలో పెట్టలేదని తెలుసుకోవడానికి, అంత చదువుకున్నదాన్ని, నాకు కొన్నేళ్లు పట్టింది.