హాష్ నొక్కమన్న గొంతు

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలుపెడితే నేను లేచి పక్కకు పోయేదాన్ని. భయపడి కాదు, విసుగొచ్చి. మాది నల్గొండ దిక్కు నుంచి వచ్చి మన్సూరాబాద్‌ల ఇల్లు కట్టుకున్న చర్చి కుటుంబం. గాలి సోకింది, ధూళి తగిలింది అనే మాటలు మా ఇంట్ల వినపడవు. అందుకే ఈ సంగతి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక చిన్న కంపెనీల పని చేసేదాన్ని. బయటి దేశం దవాఖానల బిల్లులు చూసేటోళ్లం. రోగుల వివరాలుంటయి కాబట్టి, పాస్‌వర్డ్ ఒక్కటే కొడితే సిస్టం లోపలికి పోనియ్యదు. కొట్టంగనే మన సెల్‌కు ఫోన్ వస్తది. రికార్డు చేసిన ఆడగొంతు ఇంగ్లిష్‌ల చెప్తది: లాగిన్ అయితున్నది మీరే అయితే హాష్ నొక్కండి, కాకపోతే సున్నా నొక్కండి. అంతే.

ఒకనాడు మధ్యాహ్నం క్యాంటీన్‌ల అన్నం తింటుంటే ఆ ఫోన్ వచ్చింది. నేను సిస్టం ముందు లేను. అంటే నా పాస్‌వర్డ్ ఎవరికో దొరికినట్టే. సున్నా నొక్కి, చేయి కడుక్కొని, సీదా మా సిస్టంలు చూసుకునే ప్రసాద్ గారి దగ్గరికి పోయిన.

ఆయనది గుంటూరు. "మంచి పని చేశారండీ. విసుగొచ్చి హాష్ నొక్కారంటే మాత్రం వాడికి మనమే తలుపు తీసినట్టు," అన్నరు. అప్పటికప్పుడే పాస్‌వర్డ్ మార్పించిన్రు.

తెల్లారి మళ్ల వచ్చింది. మళ్ల మార్చిన. మళ్ల వచ్చింది.

ఇగ నాకు అనుమానం మొదలైంది. కొత్త పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెల్వదు. తెలుసుకోగలిగే మనిషి ఎవరన్న ఉంటే ప్రసాద్ గారే. ఆ రోజులు కూడ అట్లనే ఉండె. ఆఫీసుల రెండు దిక్కులోళ్లం ఒక్క టేబుల్ మీద తినుడు తగ్గించినం. ఆయన కూడ నన్ను అనుమానంగనే చూస్తున్నరని తెలుస్తనే ఉండె. ఒకసారి మెల్లగ అడిగిన్రు: "పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా? నిజం చెప్పండి. పైవాళ్ల దాకా వెళ్తే మీ ఉద్యోగం పోద్ది."

నేను లేచి వచ్చిన.

ఆ వారంలనే బంద్. బస్సుల్లేవు. ఎల్బీ నగర్ చౌరస్తా కాడ రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నరు. ఆఫీసుకు సెలవు. నేను ఇంటి మీద ఎండల బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. అదే గొంతు, అదే మాట. నాకు మండింది. సున్నా నొక్కుకుంటనే బయటికి అన్న: "నేను కాదు."

ఫోన్ కట్ కావాలె. కాలే. కొంచెం ఆగి, అదే గొంతు తెలుగుల అడిగింది.

"మరి ఈడ కూసున్నదెవరు?"

అప్పుడు కట్ అయింది.

అనుమానం ఉన్నా ప్రసాద్ గారికే ఫోన్ చేసిన. ఇంకెవరికి చెయ్యాలె? గొంతు సంగతి చెప్పలే, మళ్ల వచ్చిందని మాత్రం చెప్పిన. ఆయన కిరాయి ఇల్లు ఆఫీసు పక్క సందులనే. పోయి చూస్తానన్నరు.

కొంచెం సేపటికి ఆయనే చేసిన్రు. "ఎక్కడున్నారండీ మీరు?"

"ఇంట్ల."

"మీరు పైకి ఆఫీసులోకి వెళ్లారని వాచ్‌మన్ యాదగిరి అంటున్నాడే."

నా మాట నమ్మలేదని ఆయన గొంతులనే తెలిసింది. ఫోన్ మా అమ్మకిచ్చిన. "పొద్దుగాల్నుంచి బిడ్డ నా ముంగట్నే ఉంది సారూ," అన్నది.

ఆయన ఫోన్ పెట్టెయ్యకుండనే మెట్లెక్కిన్రు. చెప్పుల చప్పుడు, షటర్ తాళం తీసిన చప్పుడు విన్న. తాళం బయటినుంచే వేసి ఉండె. తర్వాత లోపలికి నడిచిన చప్పుడు.

"మీ సిస్టం ఆన్‌లో ఉందండీ. ఎవరూ లేరు," అన్నరు. గొంతు తగ్గించి, "కుర్చీ వెచ్చగా ఉంది."

తర్వాత వివరాలు తీస్తే, అన్నిసార్లూ పాస్‌వర్డ్ కొట్టింది నా సిస్టం నుంచే. నేను క్యాంటీన్‌ల ఉన్నప్పటిది కూడ. ఆ ఫోన్లు చేసే కంపెనీకి నేనే రాస్తే, అసలు తెలుగు రికార్డింగే మా దగ్గర లేదన్నరు. ప్రసాద్ గారు నా పాత అకౌంట్ మూసేసి, వేరే నంబర్ మీద కొత్తది ఇచ్చిన్రు. ఫోన్లు ఆగినయి. ఉద్యోగం నిలబడ్డది. ఒకరినొకరం అనుమానించిన సంగతి మేమిద్దరం మళ్ల ఎత్తలే. టీ మాత్రం కలిసే తాగేటోళ్లం.

ఆ గొంతు నా చెవుల భ్రమ అనుకున్న. సిస్టంల ఏదో వైరస్ చొరబడి ఉంటదనుకున్న. ఎంత ఆలోచించినా యాదగిరి మాట కాడికి వచ్చేసరికి ఆగిపోతా.

బంద్ అయిపోయి ఆఫీసు తెరిచిననాడు, గేటు కాడ యాదగిరినే అడిగిన, ఎవరిని చూసి నేననుకున్నవని. ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసి, జర ఎనక్కి జరిగిండు.

"మీరు పైకి పోయింది చూసిన మేడం," అన్నడు. "కిందికి వచ్చుడు మాత్రం ఇప్పటిదాక చూడలే."