నాన్న వీపు

పా వైసారో మా పెదనాన్న కొడుకు. ఈ రసెల్ దీవుల కొబ్బరి తోటల్లో టికోపియా దీవి నుంచి వచ్చిన వాళ్ళం పిడికెడు మందిమి. ఇక్కడి భాష మా పెద్దలకు సరిగ్గా రాదు, ఆసుపత్రికి పోవాలంటే పడవలో సగం రోజు. అందుకే తోటవాళ్ళు తనకు నేర్పిన ప్రథమ చికిత్సను అతను మా భాషలో మా అందరికీ నేర్పాడు. జీతం లేదు, బత్తెం లేదు. కత్తితో తెగితే గుడ్డతో అదిమి పట్టడం, గొంతులో ఏదైనా అడ్డుపడితే మనిషిని ముందుకు వంచి రెండు భుజాల మధ్య గట్టిగా చరచడం, ఇలాంటివి.

ఆ చరచడం మా వాళ్ళకు మహా ఇష్టం. అన్నదమ్ములం ఒకరి వీపు మీద ఒకరం పాత కక్షలన్నీ తీర్చుకునేవాళ్ళం.

"ఇది మొన్న నా చేపలు కాజేసినందుకు!" అంటూ నేనొకటి వడ్డిస్తే, "మెల్లగా కొట్టరా, అడ్డుపడింది కాదు, ఉన్న ప్రాణం ఊడొచ్చేలా ఉంది!" అని పా వైసారో మూలిగేవాడు.

తండ్రుల వరసవాళ్ళు మాత్రం ఆ ఛాయలకు వచ్చేవారు కాదు. మాలో తండ్రి ముందు కొడుకు వంగి నడవాలి. ఆయన తల తాకడు, ఒంటి మీద చెయ్యి వేయడు. ఇక కొట్టడమా! ఆ మాట అనడమే తప్పు. మరి నాన్న గొంతుకే అడ్డుపడితే ఏం చేయాలని మాలో ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. మా తెలివి అలా తెల్లారింది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పెదనాన్న వక్క నములుతూ, ఐదేళ్ళ మనవరాలు ఫేతు చేష్టలకు పగలబడి నవ్వాడు. వక్క గొంతుకు అడ్డంపడింది. దగ్గు లేదు, మాట లేదు. ముఖం నల్లబడిపోతోంది. నాకూ ఆయన తండ్రి వరసే. చెయ్యి వేయగలిగింది ఆయన తమ్ముడు, అంటే మా నాన్న. సముద్రపు ఒడ్డున ఉన్నాడు. నేను పరుగెత్తాను.

తర్వాత జరిగింది పా వైసారోనే నాకు చెప్పాడు. ఇంట్లో మిగిలింది అతను, అతని కూతురు ఫేతు, పక్షవాతంతో గోడకు చేరబడ్డ పెద్దమ్మ. తాతకూ మనవరాలికీ మధ్య ఏ అడ్డూ లేదు, ఆయన భుజాలెక్కి తిరిగే పిల్ల. "తాతని కొట్టవే! వీపు మీద! ఇంకా గట్టిగా!" అని అరిచాడు. పిల్ల ఆటనుకుంది. నవ్వుతూ చిట్టి చేతులతో తట్టింది. అతను చెయ్యెత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. అప్పుడు పెదనాన్న చాప మీద అతి కష్టంగా జరిగి, కొడుకుకు వీపు తిప్పేశాడు. నాన్నకు కోపం వచ్చిందనుకుని పా వైసారో చెయ్యి దించేసి తల వంచుకున్నాడు.

మా నాన్న వచ్చి, నేను చెప్పినట్టే నాలుగు చరిచాడు. వక్క చాప మీద పడింది. నోట్లో నోరు పెట్టి ఊదాడు. ఊపిరి రాలేదు.

ఏడుపుల మధ్య పెద్దలంతా పా వైసారోను మెచ్చుకున్నారు. "ప్రాణం పోతున్నా తండ్రి మీద చెయ్యి వేయలేదు. కొడుకంటే వాడు!" ఆ మెప్పు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అతను మాత్రం ఆ మాటలే పట్టుకుని మూడు రోజులు నిలబడ్డాడు.

నాలుగో రోజు నేను వెళ్ళేసరికి పెద్దమ్మకు చేమదుంప తినిపిస్తున్నాడు.

"అమ్మా, నాన్న నా మీద కోపంతోనే పోయాడా? చివర్లో నాకు వీపు తిప్పేశాడు" అని అడిగాడు.

పెద్దమ్మకు మాట ముద్దముద్దగా వస్తుంది. పెదనాన్న పోయిన రోజు ఎంత గింజుకున్నా అసలు రాలేదట.

"కోపం కాదు నాయనా. నువ్వు పాఠం చెప్పినప్పుడల్లా ఇంటి వెనక కూర్చుని వినేవాడు. మన వాడు ఎంత బాగా చెబుతున్నాడే అనేవాడు" అంది. కొడుకు చెయ్యి పట్టుకుంది. "కొట్టమనే తిప్పాడు నాయనా."