పెట్రోలుకు కొసరు

లాల్‌దర్వాజాలో మాది పాలవాళ్ల ఇల్లు. నేను మాత్రం ఊరి బయట చిన్న విమానాల మైదానంలో మెకానిక్‌ని. "మావోడు విమానాల పని చేస్తడు" అని బాపు గల్లీ అంతా చెప్పుకున్నాడు. ఆ విమానం ఇద్దరు ఎక్కితే నిండిపోతుందనీ, మా స్కూటర్ లాగే పెట్రోలు తాగుతుందనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తాగడమంటే ఏది పడితే అది తాగదు. ఇప్పుడు బంకుల్లో మామూలు పెట్రోలులో ఇథనాల్ కలిపి పోస్తున్నారు. అది తేమను పీలుస్తుంది, మా పాత ఇంజను రబ్బరు పైపులను పాడుచేస్తుంది. స్కూటర్ ఆగితే తోసుకుంటూ పోవచ్చు. పైన ఆగితే ఆ సౌకర్యం లేదు. అందుకే ఇథనాల్ కలపని ఖరీదైన రకం ఒక బంకులో దొరికితే డబ్బాలో తెస్తాను. పోసేముందు ఒక పరీక్ష. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు, పైన పెట్రోలు పోసి, ఊపి నిలబెట్టాలి. ఇథనాల్ ఉంటే నీళ్లలోకి దిగుతుంది, నీళ్లు గీత దాటుతాయి.

"గింతేనా? పాలకు మేం గిసొంటియి ఎన్ని చూసినం" అన్నాడు బాపు.

చూశాడు, నిజమే. నలభై ఏళ్లలో గిరాకీలు ఎన్నిసార్లు నిలదీసినా "చుక్క నీళ్లు కలపలే, అమ్మవారి సాక్షి" అన్నాడు. బర్రెలు ఇచ్చినదానికంటే మా బిందెల్లో పాలు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండేవి. ఎలాగని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ పాలే నన్ను చదివించాయి.

విమానం సొంతదారు రిటైరైన పెద్దమనిషి. ఒక ఆదివారం బాపును ఎక్కించుకుంటానన్నారు. ఇక బాపు కాలు నేల మీద నిలవలేదు. తెల్ల ధోతి ఇస్త్రీ చేయించాడు. ఆదివారం పొద్దున పైకి చూడమని గల్లీలో అందరికీ చెప్పాడు. అంత దూరం నుంచి కనపడదంటే, "చూస్తే ఏం పోతది" అన్నాడు.

ఆదివారం మైదానంలో పరీక్ష చేస్తే నీళ్లు గీత దాటాయి. మళ్లీ చేశాను. మళ్లీ దాటాయి. కల్తీగాళ్లని బంకువాళ్లను తిట్టడం మొదలుపెడితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పక్కన బాపు దగ్గాడు.

"డబ్బాల ఏమన్న పోసినవా బాపు?"

"నాలుగు వేళ్ల వెల్తి ఉండె. మనింట్ల నుంచి వెల్తి డబ్బా ఎట్ల పోతదిరా? స్కూటర్ల పెట్రోలు తీసి కొసరు పోసిన."

ఎండకు డబ్బా ఉబ్బుతుందని నేను కావాలనే వదిలిన ఖాళీ అది. కానీ కొలిచాక కొసరు పోయకుండా ఎవరి గిన్నె కూడా మా గడప దాటదు. పాలల్లో ఏమున్నా, కొసరు మాత్రం మాకు ధర్మం.

కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. కాస్తే కదా, పోసేద్దామా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. సార్ గొట్టం వైపు చూడరు, నా మాట మీదే ఎక్కుతారు. ఆయన హెల్మెట్ తెచ్చి బాపు చేతిలో పెట్టి, "అంతా బాగుందా?" అని నన్నడిగారు. ఆ ఇస్త్రీ ధోతిని చూస్తూ గొట్టాన్ని ఇంకోసారి ఊపాను.

బాపు నా చేతిలోంచి గొట్టం తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గీ పెట్రోలుకు ఇంజన్ ఆగుతదా?"

"ఆగొచ్చు బాపు."

హెల్మెట్ సార్‌కు తిరిగి ఇచ్చేశాడు. "ఇయ్యాల వద్దు సార్. కల్తీ అయింది. నేనే కలిపిన."

నలభై ఏళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.