కుమ్హారి దగ్గర చలాను

పోయిన మంగళవారం ఉదయం మా వీధి బాబాయి పోయారు. పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను సుపేలా దాటుతున్నాను, వ్యాన్ నిండా స్కూలు పిల్లలు. ఫోన్ మోగుతూనే ఉంది, తీయలేదు. బండి నడుపుతూ ఫోన్ తీస్తే ఆయన ఊరుకునేవారు కాదు. స్కూలు గేటు దగ్గర పిల్లలందరినీ దింపి, తలుపు వేసి, అప్పుడు చేశాను. "మీ బాబాయి లేరమ్మా" అంది పిన్ని. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. వెనక వ్యాన్ అతను హారన్ కొడితే గాని కదల్లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. కోహ్కాలో మా ఇంటికి మూడో ఇల్లు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి ఉక్కు ప్లాంట్ లోపల ఇంజను నడిపి రిటైరయ్యారు. కరిగిన ఇనుమును మనిషి నడకంత నెమ్మదిగా లాక్కెళ్ళే ఇంజను అది. అందుకేనేమో, రోడ్డు మీద ఎవరు దూసుకుపోయినా ఆయనకి ఒళ్ళు మండేది. నా పక్క సీట్లో కూర్చుంటే రోడ్డు చూసేవారు కాదు, స్పీడు ముల్లు చూసేవారు. మా అత్తగారు కూడా నన్ను అంత కనిపెట్టి చూడలేదు.

పోయినేడు నాకు ఒకే వారంలో రెండు చలాన్లు వచ్చాయి. రెండూ అతివేగానివే. మొదటిది కుమ్హారి దగ్గర, రెండోది నాలుగు రోజుల తరవాత హైవే మీద. రెండోసారి కూడా దొరికారు కాబట్టి లైసెన్సు ఎందుకు ఆపకూడదో కోర్టుకు వచ్చి చెప్పుకోమని రాశారు. మా ఆయన పోయాక నేనూ మా అమ్మాయీ బతుకుతున్నది ఆ వ్యాన్ మీదే. లైసెన్సు మూడు నెలలు ఆపితే చాలు, పిల్లల తల్లిదండ్రులు ఇంకో వ్యాన్ చూసుకుంటారు. ఇంక తిరిగి నా దగ్గరికి ఎందుకొస్తారు?

భయం వేస్తే ఇంట్లో చూసిన పనే చేస్తాం. ప్లాంట్ క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి చార్జిషీటు కొత్త కాదు. పైనుంచి కాగితం వచ్చిందంటే తప్పు మనదా కాదా అని ఎవరూ చూసేవారు కాదు. ఇదే మొదటి పొరపాటు, ఇదే ఆఖరుది, దయచేసి మన్నించండి అని రాసి సంతకం పెట్టేసేవారు. మా నాన్న రాసిన అలాంటి కాగితం నకలు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని చూసి, హిందీలో, రెండు చలాన్లకీ కలిపి ఒకే మాఫీ పత్రం రాసేశాను. ఎలా ఉందో చూడమని బాబాయి చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. తరవాత దాన్ని మడిచి తొడ కింద పెట్టుకున్నారు.

"రెండూ నువ్వే సేసావేటి?" అని అడిగారు.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా రెండో చలాను మీద తేదీ నేను సరిగ్గా చూడనే లేదు. ఆ రోజు నా బండి సుపేలాలో మెకానిక్ దగ్గర, గేర్‌బాక్సు ఊడదీసి ఉంది. ఫోటోలో ఉన్నది తెల్ల వ్యానే, నంబరూ నాదే. బాబాయి ఆ ఫోటోని ఫోన్లో పెద్దది చేయించి చూశారు. తలుపు కింద మెట్టు లేదు. చిన్నపిల్లలు ఎక్కలేకపోతున్నారని నా వ్యాన్‌కి ఇనప మెట్టు దగ్గరుండి వెల్డింగ్ చేయించింది ఆయనే. అంటే ఎవరో నా నంబరు తగిలించుకుని ఊరేగుతున్నారు, నేనేమో వాళ్ళ తరఫున కూడా క్షమాపణ రాసి సంతకం పెట్టేశాను.

అప్పుడు ఆయన తన సంగతి చెప్పారు. ఒకసారి ప్లాంట్ లోపల బోగీ పట్టాలు తప్పింది. పొరపాటు వేరొకరిది. గొడవెందుకు, రాసిచ్చేయ్ అని తోటివాళ్ళు చెబితే ఈయన మాఫీ రాసిచ్చారు. తరవాత ప్రమోషన్ మాట వచ్చినప్పుడల్లా ఫైల్లోంచి ఆ కాగితమే పైకి వచ్చేదట. "సేసినదానికి తలొంచాల. సెయ్యనిదానికి వొంచేవనుకో, అది నీ పేరు మీదే ఉండిపోద్ది" అన్నారు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. బండి ఏ రోజు నుంచి ఏ రోజు దాకా తన దగ్గర ఉందో రాసివ్వమంటే, కోర్టు అనగానే అతను జడిసిపోయాడు. తనకేం తెలీదన్నాడు, పని ఉందన్నాడు, రేపు రమ్మన్నాడు. బాబాయి అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నారు. పోట్లాడలేదు, బతిమాలలేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాటినా లేవలేదు. చివరికి అతనే విసుక్కుంటూ రాసి, దుకాణం ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ కాగితం చేతికొచ్చేసరికి నాకు తెలివి ఎక్కువైంది. ఎలాగూ దొంగ నంబరు బండి ఒకటి తిరుగుతోంది కదా, మొదటిది కూడా దాని మీదకే తోసేస్తే పీడా పోతుందని అనేశాను. "మొదటిది నువ్వు కాదా?" అన్నారు. నేనేనని, కానీ అది ఎవరికి తెలుస్తుందని అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. నేనూ వెళ్ళలేదు. సిగ్గుతో కొంత, మొండితనంతో ఎక్కువ.

వాయిదా రోజు పొద్దున్న తలుపు తీసేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వ్యాన్ పక్కన నిలబడి ఉన్నారు. ఆ మాట ఎత్తలేదు. దారి పొడుగునా కాగితాల గురించే చెప్పారు. లైసెన్సు, బండి కాగితాలు పైన ఉండాలి, ఫోటోలు వాటి కింద, మెకానిక్ రాసిచ్చింది ఆఖరున. అడిగిందానికే జవాబు చెప్పాలి. పోలీసుల్ని తప్పు పట్టకూడదు. ఏడవకూడదు. నేను ఏం చెప్పబోతున్నానో మాత్రం ఆయన అడగలేదు. నాకూ తెలీదు.

కోర్టు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. నల్లకోటు వకీలు ఒకతను నా కాగితాలు చూసి, రెండూ ఒప్పుకుని జరిమానా కట్టెయ్ దీదీ, పది నిమిషాల్లో ఇంటికి పోతావ్ అన్నాడు. ఒప్పుకుంటే జరిమానాతో సరిపోదని, లైసెన్సు పోతుందని అతను చెప్పలేదు. నా పేరు పిలిచారు. మేజిస్ట్రేట్ నాకంటే చిన్నావిడ. తల ఎత్తకుండానే, రెండు సార్లూ బండి నడిపింది మీరేనా అని హిందీలో అడిగింది. నేను వెనక్కి చూశాను. బాబాయి చివరి బల్ల మీద కూర్చుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. ఒక్కసారి తల ఊపినా ధైర్యం వచ్చేది. ఆయన ఊపలేదు.

"పహ్లా మేరా హై, మేడమ్" అన్నాను. "దూస్రా మేరా నహీ."

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. పొద్దున్నుంచి తమది కాదన్నవాళ్ళే గాని, ఒకటి నాది అన్నవాళ్ళు ఎవరూ రాలేదని, రెండోది మీది కాదని ఎలా నమ్మాలని అడిగింది. మెకానిక్ కాగితం ఇచ్చాను. మెట్టు సంగతి చెప్పాను. ఆవిడ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మొదటి ఫోటోలో, నేను కాదని బుకాయిద్దామనుకున్న ఆ ఫోటోలోనే, నీడలో మెట్టు అంచు కనబడుతోంది. నేను అది నాది కాదని ఉంటే, రెండోది నాది కాదని చూపించడానికి పక్కన పెట్టుకునే ఫోటోనే ఉండేది కాదు. బాబాయి ముందే దాన్ని చూశారో లేదో నేనెప్పుడూ అడగలేదు.

మొదటిదానికి జరిమానా వేశారు. రెండోదాన్ని విచారణకి పక్కన పెట్టి, దొంగ నంబరు మీద ఠాణాలో ఫిర్యాదు ఇమ్మన్నారు. లైసెన్సు నా చేతికి తిరిగి ఇచ్చారు. బయటికొచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "పద, కుమ్హారి ఎల్దాం" అన్నారు. ఇంటికెళ్ళి తిందాం బాబాయ్ అన్నా వినలేదు.

కోహ్కా మలుపు దాటి నేరుగా పోనిచ్చాను. మొదటి ఫోటో తీసిన చోట ఆపమన్నారు. చలాను పడ్డ రోజు కూడా ఇదే వేళ. ఆఖరి పిల్లాడిని దింపేసి, ఖాళీ బండితో రెండో ట్రిప్పుకి పరిగెడుతున్నాను. రోడ్డుకి ఎడమ పక్క సర్కారీ స్కూలు ఒకటుంది. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతున్నా, అక్కడ గోడ ఉందని తెలుసు గాని గేటు ఉందని గమనించలేదు. గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చి రోడ్డు అంచున ఆగిపోయారు. దాటనివ్వడానికి ఒక్క బండీ ఆగట్లేదు.

బాబాయి కిందకి దిగి, రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తారు. అటు నుంచి వచ్చే లారీ ఆగింది. ఇటు నా వ్యాన్ ఉండనే ఉంది. పిల్లలు ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు దాటుతున్నారు. అందరికంటే చిన్నది ఒక పిల్ల, సరిగ్గా నా బండి ముందుకొచ్చి ఆగి, సంచీ కింద పెట్టి, ఊడిపోయిన చెప్పులోకి తీరిగ్గా కాలు దూర్చుకుంటోంది. లారీవాడు హారన్ మీద చెయ్యి తీయట్లేదు. ఆయన నా వైపు చూడలేదు, లారీ వైపూ చూడలేదు. ఆ పిల్ల సంచీ తీసుకుని అవతలికి చేరేదాకా ఆయన చెయ్యి దించలేదు.