నర్సమ్మ అయిదు మంచాలు

మంగళవారం పొద్దున సిరిసిల్లలో జిరాక్స్ దుకాణం ముందు నిలబడి ఉండగా మా బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, నర్సమ్మ పోయింది. ఇంటికి రా" అన్నాడు. నా చేతిలో ఆమె సర్వీసు సర్టిఫికెట్ ఉంది. దుకాణం అతను ఎన్ని కాపీలని అడిగితే రెండు అన్నాను. తీసి ఇచ్చాడు. వాటితో ఇక ఏ అవసరమూ లేదని ఆటో ఎక్కాక తెలిసింది.

ఆమె మాకు చుట్టం కాదు. తంగళ్ళపల్లిలో మా ఎదురింట్లో ఉండేది. కోరుట్లలో పుట్టి, సారంగాపూర్, కొడిమ్యాల దవాఖానల్లో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ చిన్న ఇల్లు కొనుక్కుంది. వాడంతా నర్సమ్మ అనేవారు. నేను పెద్దమ్మా అనేదాన్ని, అదీ మెల్లగా. మనుషులతో మాట్లాడటం నాకు మొదటి నుంచీ కష్టం. కాన్వెంటులో సిస్టర్లు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా తల దించుకునేదాన్ని. నర్సమ్మ ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. పుస్తకం పట్టుకుని మూలన కూర్చుంటే, "సదువుకో" అని తన పని తాను చూసుకునేది. మాట్లాడమని నన్ను బలవంతం చేయని మనిషి మా వాడలో ఆమె ఒక్కతే.

మరమగ్గాలను మేము సాంచాలంటాం. మాది సాంచాల వాడ. మగవాళ్ళు షెడ్లలో పన్నెండు గంటలు నిలబడతారు. ఆడవాళ్ళు బీడీలు చుడతారు, లంగాలు కుడతారు. ఇంట్లో ఒకరు మంచాన పడితే పక్కన కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. మూడేళ్ళ కింద వెనక వీధి తాతకు పక్షవాతం వచ్చింది. కొడుకూ కోడలూ ఆయనను లోపల ఉంచి, బయట గొళ్ళెం పెట్టి పనికి పోయేవారు. వాళ్ళకు వేరే దారి లేదు. నర్సమ్మ ఒకరోజు అది చూసి, తాతను మంచంతో సహా తన ముందుగదిలోకి మోయించింది. తరువాత లంగాలు కుట్టే ముసలావిడ తుంటి విరిగి వచ్చింది. ఆమెను అందరం ఖాలా అంటాం. అలా రెండేళ్ళలో అయిదు మంచాలయ్యాయి.

ఎవరినైనా ముట్టుకునే ముందు ఆమె రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. "సల్లటి చెయ్యి తాకితే మనిషి ముందుగాల భయపడ్తడు బిడ్డా" అనేది. మంచం మీది వాళ్ళతో నిలబడి మాట్లాడేది కాదు. స్టూలు లాక్కుని కూర్చున్నాకే నోరు తెరిచేది. ఖాలాతో మాత్రం రోజూ తగువే.

"నీ సూది గింత మొద్దుదేంది నర్సమ్మా? గీ సూదితోని నేనైతే గోనెసంచి గూడ కుట్ట."

"నువ్వు కుట్టిన లంగాలు ఎన్ని పిగిలినయో వాడంత చెప్తది తీ. చెయ్యి సాపు."

ఖాలా నవ్వుతూ చెయ్యి చాపేది.

పోయిన ఏడాది, నెలకోసారి వచ్చి వీళ్ళను చూసిపోయే డాక్టరు ఒక సంగతి చెప్పాడు. ఇలా అయిదుగురిని ఉంచుకుని చూడాలంటే జిల్లా ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లేకపోతే ఎప్పుడైనా మూయించవచ్చు. అప్పుడు అయిదుగురూ మళ్ళీ గొళ్ళెం పెట్టిన ఇళ్ళకే పోవాలి. నర్సమ్మ భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. నేను నింపాను. అందించే సేవ ఏమిటి అన్న చోట ఆగి ఆమెను అడిగాను.

"మనుషులను సూసుకునుడు అని రాయి" అంది.

నేను రాసినదంతా చదివించుకుని విన్నది. "సూసుకునుడుకు గింత పొడుగు ఇంగ్లీషా? సదివేటోళ్ళకు దమ్మస్తది గదనే."

ఇంటి ప్లాను, ఫైర్ ఆఫీసు కాగితం, వాడిన సూదులూ దూదీ తీసుకుపోయే వాళ్ళతో ఒప్పందం, డాక్టరు సంతకం. ఒక్కొక్కటీ ఇద్దరం బస్సుల్లో తిరిగి తెచ్చుకున్నాం. ఆఫీసుల్లో ఆమె మాట్లాడేది, నేను వెనక నిలబడి కాగితాలు అందించేదాన్ని. ఒకసారి గుమస్తాను ఏదో అడిగి రమ్మని నన్ను పంపింది. కిటికీ దాకా పోయి, ఏమీ అడగకుండానే తిరిగి వచ్చాను. ఆమె కోపం చేసుకోలేదు. "పోనీ, తొవ్వ అయితే సూసినవ్" అని తనే లేచి వెళ్ళింది.

సర్వీసు సర్టిఫికెట్ కోసం ఆమె జగిత్యాల వెళ్ళిన రోజునే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. దరఖాస్తులో నా నంబరు ఇచ్చాం. మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నామన్నారు. ఆమెకు ఫోన్ చేస్తే కలవలేదు. బాపుకు చెప్పాను.

మా వాడలో తనిఖీ అంటే అందరికీ తెలిసింది ఒకటే. సాంచాలు బంద్ పెడతారు, షెడ్డు ఊడుస్తారు, మనుషులను ఇళ్ళకు పంపిస్తారు. వచ్చిన సారు ఖాళీ షెడ్డు చూసి పోతాడు. నర్సమ్మ పని కాబట్టి ఆ రోజు వాడంతా వచ్చింది. ఫినాయిల్‌తో నేల కడిగారు. దుప్పట్లు మార్చారు. ఆ తరువాత మంచాల మీది వాళ్ళను ఒక్కొక్కరినీ ఎత్తుకుని తలా ఒక ఇంటికి తీసుకుపోయారు.

"నన్నెటు తీస్కపోతున్రు?" అని ఖాలా అడుగుతూనే ఉంది.

"ఊకో ఖాలా, ఒక్క గంట. సర్కారోళ్ళు వస్తున్రు" అన్నాడు బాపు.

అది తప్పని నాకు తెలుసు. నిబంధనలన్నీ చదివింది నేనే. వచ్చేవాళ్ళు చూడాలనుకునేది మనుషులను. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ గుమ్మం పక్కన నిలబడ్డాను. అందరూ నాకంటే పెద్దవాళ్ళు, కూలి మానుకుని వచ్చినవాళ్ళు. ఖాలా మంచం మీది దుప్పటి ముడతలు సరిచేశాను.

వచ్చిన మేడం అయిదు తెల్లటి మంచాలు చూసింది. "పేషెంట్లు ఏరి?" అంది.

"ఒక్కరు లేరు మేడం. అంత సాఫ్ ఉన్నది, సూడున్రి" అన్నాడు బాపు గర్వంగా.

ఆమె నావైపు చూసింది. నేను నేలను చూశాను. ఇక్కడ ఏ సేవా జరగడం లేదని రాసుకుని వెళ్ళిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. ఆమెకు కనబడింది అదే.

నర్సమ్మ సాయంత్రం బస్సు దిగింది. సంగతి విన్నది. "ఖాలాను ఎవరు లేపిన్రు? తుంటి కింద చెయ్యి పెట్టిన్రా?" అని మాత్రం అడిగింది. ఇంటింటికీ పోయి అయిదుగురినీ వెనక్కి తెచ్చుకుంది. అందరూ కుదురుకున్నాక నా పక్కన కూర్చుంది.

"నీకు ఎర్కేనా బిడ్డా, గిట్ల చెయ్యొద్దని?"

"ఎర్కే పెద్దమ్మా."

"మంచంల ఉన్నోళ్ళ మాట గడప దాటది. నీ గొంతు ఎంత సన్నగున్నా వాళ్ళకంటె పెద్దదే" అంది. కాసేపటికి, "మల్ల రాద్దాం. కాయితం తియ్యి" అంది.

మళ్ళీ రాశాం. మూడు నెలలు ఎదురుచూశాక రెండో తనిఖీకి రోజు చెప్పారు. ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా ఆమె పోయింది. తాతకు ఉప్మా తినిపించి, మూతి తుడిచి, కొంచెం నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళిందట. ఖాలా ఎన్నిసార్లు పిలిచినా పలకలేదట. గుండె అన్నారు.

మొదటి తనిఖీ రోజున నేను ఒక్క మాట అని ఉంటే, ఆమె ఆ రిజిస్ట్రేషన్ కాగితం కళ్ళతో చూసి పోయేది. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. నర్సమ్మ కూడా అనలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తొమ్మిది రోజులూ వాడ ఆడవాళ్ళు వంతులు వేసుకుని అయిదుగురినీ చూశారు. నేను వాళ్ళకు ఏ వేళకు ఏ మందో చదివి చెప్పాను. తనిఖీకి అదే మేడం వచ్చింది. దరఖాస్తు పెట్టినావిడ ఏరని అడిగింది. అందరూ వాకిట్లో నిలబడి ఉన్నారు. నేను ముందుకు వెళ్ళాను. ఆమె చనిపోయిందని చెప్పాను. మొదటి తనిఖీ రోజు కూడా ఈ అయిదుగురూ ఇక్కడి వాళ్ళేనని, మేమే దాచామని, నాకు తెలిసి కూడా చెప్పలేదని చెప్పాను.

మేడం ఫైలు మూసింది. "ఆమె పేరు మీద ఉన్నది ఇక నడవదమ్మా. ఇంకో నర్సు దొరికితే కొత్తగా పెట్టుకోవాలె" అంది. గది చుట్టూ చూసింది. "అప్పటిదాక వీళ్ళను ఎవరు చూస్తరు?"

తాతను పక్కకు తిప్పే వేళయింది. నేను ఒక్కదాన్నే మొదలుపెట్టాను. మేడం ఫైలు కిటికీలో పెట్టి వచ్చి అవతలి వైపు పట్టుకుంది. ఇద్దరం కలిసి తిప్పాం. ఆయన అంగీ పైకి జరిగింది.

"ఎన్నేండ్లయింది పడి?"

"మూడేళ్ళు మేడం."

"ఇన్నేండ్లు మంచంల ఉంటే వీపంత పుండ్లు పడ్తది" అంది, తనలో తాను అనుకున్నట్టు. నడుము మీద, భుజాల కింద చేత్తో తడిమి చూసింది. ఎక్కడా పుండు లేదు. మానిన మచ్చ కూడా లేదు. కిటికీ వెలుతురు పడి, ఆ ముసలి వీపు పసిపిల్లల వీపులా నున్నగా మెరుస్తోంది. మేడం చెయ్యి తీయలేదు.